గాజులు ఎందుకు ఇవ్వలేదంటే

ఈ సంక్రాంతికి మా మరిది విశాఖపట్నం నుంచి వచ్చాడు. భోగి మంటలో పిల్లలతో పిడకల దండలు వేయించాడు. పండగనాడు పెద్దలకి బట్టలు పెట్టాడు. కనుమకి గారెలూ కోడికూరా మారు వేయించుకుని మరీ తిన్నాడు. ముక్కనుమ మధ్యాహ్నం, మావారు కొట్టుకి వెళ్ళాక, వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"వదినా, నీ గాజులు నాలుగూ ఓ మూడు నెలలకి ఇస్తావా? టెక్కలిలో బ్యాంకులో పెడతాను. ఏప్రిల్‌కి విడిపించి తెచ్చేస్తాను."

ఎందుకని అడిగితే ముందు నీళ్ళు నమిలాడు. తర్వాత కూర్చుని అంతా చెప్పాడు. దసరా సెలవుల్లో స్నేహితులతో గోవా వెళ్ళాడట. పనాజీలో మాండవి నది మీద లంగరేసి ఉండే కేసినో ఓడ ఎక్కారట. బ్లాక్‌జాక్ అనే ఆటలో కూర్చున్నాడట. లక్షా ఇరవై ఏడు వేలు పోయాయి. క్రెడిట్ కార్డు మీద తీసిన డబ్బు. ఆ వడ్డీ ఇప్పుడు తరుముతోంది.

నాకు కోపం వచ్చింది, నిజమే. కానీ ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం ఆ తర్వాత అతనన్నది. "అప్పుడు నాకు ఆట సరిగ్గా రాదు వదినా. ఇప్పుడు నేర్చుకున్నాను. ఇది జూదం కాదు, లెక్క. చార్టు ఉంది. గాజుల మీద వచ్చిందాంట్లో సగం కార్డుకి కట్టి, సగంతో ఒక్కసారి పద్ధతిగా ఆడితే పోయింది తిరిగొస్తుంది."

తాగి ఓడినవాడితో మాట్లాడొచ్చు. పొద్దున్నే సిగ్గుపడతాడు. "ఇప్పుడు ఆట వచ్చింది" అనేవాడికి సిగ్గుండదు. తనకి చదువు పూర్తయిందనుకుంటాడు.

నేను పేకముక్క ముట్టనిదాన్నేం కాదు. శివరాత్రి జాగారానికి మా తోటికోడళ్ళమంతా తెల్లవార్లూ రమ్మీ ఆడతాం. జీడిపిక్కలే పందెం. మాది భావనపాడు. ఉద్దానంలో పుట్టినవాళ్ళకి జీడిపిక్క, కొబ్బరికాయ ముందు తెలిసి తర్వాతే రూపాయి తెలుస్తుంది. కాబట్టి ముక్కలంటే నాకు పగ లేదు. అందుకే "సరే, ఆ ఆటేదో నాకూ నేర్పు" అన్నాను. మరిది ముఖం వెలిగిపోయింది. గాజులు వచ్చేసినట్టే అనుకున్నాడు పాపం.

ఆ సాయంత్రం వీధి అరుగు మీద చాప వేశాం. మా అత్తగారు, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి, మరిది ఆడేవాళ్ళు. నేను డీలర్‌ని, అంటే ముక్కలు పంచే కేసినో మనిషిని. మనిషికి 100 జీడిపిక్కలు ఇచ్చాను.

ఆట చాలా తేలిక. బొమ్మ ముక్కలు మూడింటికీ పదేసి. ఆసు మన ఇష్టం, ఒకటి అనుకోవచ్చు, పదకొండు అనుకోవచ్చు. మిగతావాటికి మీద ఉన్న అంకే. ఆడేవాళ్ళకి తలా రెండు ముక్కలు. డీలర్‌కీ రెండే, కానీ అందులో ఒకటే అందరికీ కనిపిస్తుంది. మొత్తం 21కి దగ్గరగా రావాలి, దాటకూడదు. దాటితే మునిగినట్టే. ఇంకో ముక్క కావాలంటే అడగొచ్చు, వద్దంటే ఆగొచ్చు. మొదటి రెండు ముక్కలే ఆసూ పదీ అయితే అదే బ్లాక్‌జాక్, దానికి పందేనికి ఒకటిన్నర రెట్లు ఇస్తారు. మంచి ముక్కలు పడితే పందెం రెట్టింపు చేసుకోవచ్చు. ఒకేరకం రెండు వస్తే విడదీసి రెండాటలుగా ఆడుకోవచ్చు.

మరి డీలర్ ఏం చెయ్యాలి? అదే నన్ను ఆశ్చర్యపరిచింది. డీలర్ ఏమీ ఆలోచించక్కర్లేదు. 16 లోపు ఉంటే తియ్యాలి, 17 వస్తే ఆగాలి. అంతే. తియ్యనా మాననా అన్న ప్రశ్నే లేదు. పక్కన కూర లుంగకుండా కలుపుకుంటూ కూడా డీలర్ పని చెయ్యొచ్చు. నేను చేశాను.

పది ఆటలు అయ్యాక మా అత్తగారు అడిగారు. "ఒరే, నానూ మునిగిపోనాను, మీ వదినా మునిగిపోనాది. ఇద్దరం మునిగితే మరి నా పిక్క ఎందుకు పట్టుకుపోనాది?"

"నువ్వు ముందు మునిగావు కదమ్మా. అప్పుడే నీ ఆట అయిపోయింది."

"అయితే అది ముందు ఎందుకు ఆడదు?"

మరిది నవ్వేశాడు. "అది రూలమ్మా" అన్నాడు.

నేను నవ్వలేదు. ఎందుకంటే అదొక్కటే ఆ ఓడని నీళ్ళ మీద నిలబెడుతున్న రూలు. ఆడేవాడు ముందు ఆడాలి. మునిగితే డబ్బు వెంటనే పోతుంది. ఆ తర్వాత డీలర్ మునిగినా తిరిగి రాదు. బ్లాక్‌జాక్‌కి ఒకటిన్నర రెట్లు, రెట్టింపు, విడదీయడం లాంటివన్నీ ఆ ఒక్క రూలుకి బదులుగా మన చేతిలో పెట్టే తాయిలాలు. అన్నీ పెట్టాక కూడా వాళ్ళకి కొంత మిగులుతుంది. నేను ఆ రాత్రి గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాను. నూరు ఆటల్లో, ముగ్గురి లెక్కా కలిపి, మనిషీ మునిగి నేనూ మునిగింది 17 సార్లు. ఆ 17 సార్లూ పిక్కలు నా చేటలోకే వచ్చాయి.

ద్యూతసభకి ఈడ్చుకొచ్చినప్పుడు ద్రౌపది అడిగిందీ ఈ వరసే కదా. ముందు తనని ఒడ్డుకున్నాడా, నన్ను ఒడ్డాడా అని. సభలో అంతమంది పెద్దలుండీ ఎవరూ సూటిగా జవాబు చెప్పలేకపోయారు. పాచికలు ఎలా పడ్డాయని ఆవిడ అడగలేదు. ఎవరిది ముందు, ఎవరిది తర్వాత అని అడిగింది. ఇంట్లో ఆడవాళ్ళకి అర్థమయ్యే ప్రశ్న అది. కార్డు బిల్లు ముందు వస్తుంది, గెలుపు తర్వాత వస్తానంటుంది. గాజులు ముందు వెళ్తాయి, ఏప్రిల్ తర్వాత వస్తుంది.

ఇక మరిది వాదన. దాన్ని తేలిగ్గా తీసిపారేయను, ఎందుకంటే అందులో నిజం ఉంది. ఎప్పుడు తియ్యాలో ఎప్పుడు ఆగాలో చెప్పే చార్టు ఒకటి నిజంగానే ఉంది. 1956లో అమెరికా సైన్యంలో పనిచేసే నలుగురు చేతి లెక్కయంత్రాల మీద గుణించి దాన్ని అచ్చు వేయించారు. ఆ చార్టు తు.చ. తప్పకుండా పాటిస్తే, మంచి రూల్స్ ఉన్న బల్ల దగ్గర నూటికి సుమారు అర్ధరూపాయే పోతుంది. "అర్ధరూపాయి వదినా! ఏ వడ్డీవ్యాపారి ఇంత తక్కువ తీసుకుంటాడు?" అన్నాడు.

మొదటి మాట. ఆ అర్ధరూపాయి మనిషికి కాదు, పందేనికి. వెయ్యి రూపాయల పందెం, గంటకి 60 ఆటలు అనుకుందాం. గంటలో 60,000 బల్ల మీద తిరుగుతుంది. ఒక్క తప్పు చెయ్యకుండా ఆడినా సగటున గంటకి 300 వాళ్ళవి. బ్లాక్‌జాక్‌కి ఒకటిన్నర రెట్లు కాక అయిదుకి ఆరే ఇచ్చే బల్లలు చాలా ఉంటాయి. అక్కడ ఇంకో రూపాయీ నలభై పైసలు పోతుంది. ఉచితంగా మందు పోస్తున్న చోట, తెల్లవారుజామున మూడింటికి, ఆ చార్టు ఎవడికి గుర్తుంటుంది?

రెండో మాట. ఆ చార్టు గెలిచే దారి కాదు. తక్కువగా ఓడే దారి. మీ చేతిలో 16 ఉండి డీలర్ దగ్గర పది కనిపిస్తోందనుకోండి. ముక్క తీసుకోమంటుంది చార్టు. తీస్తే 13 రకాల ముక్కల్లో 8 రకాలు మిమ్మల్ని ముంచుతాయి. తీసినా ఆగినా దాదాపు నాలుగింట మూడుసార్లు పోతుంది. ఇందులో నేర్చుకున్నదల్లా ఏ గుమ్మంలోంచి బయటికి నెడితే దెబ్బ తక్కువ తగులుతుందనే.

మూడో మాట. అసలు ఈ ఆటని నిజంగా గెలిచిన తెలివి కూడా ఉంది. 1962లో ఎడ్వర్డ్ థార్ప్ అనే లెక్కల మాష్టారు, అయిపోయిన ముక్కల్ని గుర్తుపెట్టుకుంటే ఆట మన వైపు మొగ్గే సమయాలుంటాయని పుస్తకమే రాశాడు. కేసినోలు ఏం చేశాయి? శభాష్ అని దండలు వేశాయా? ఒక పేకకి బదులు ఆరూ ఎనిమిదీ కలిపాయి. పదేపదే కలపడం మొదలెట్టాయి. ఎప్పుడూ కలుపుతూనే ఉండే యంత్రాలు తెచ్చాయి. లెక్కపెడుతున్నాడని అనుమానం వచ్చినవాణ్ణి బయటకి పంపాయి. ఓడిపోయేంతవరకే నైపుణ్యానికి కుర్చీ వేస్తారన్నమాట. ఎదురుగా డీలర్‌కేమో ఆలోచించే పనే లేదు. ఆలోచించనివాళ్ళు గెలుస్తూ, ఆలోచించేవాళ్ళు ఓడిపోతూ ఉంటే దాన్ని తెలివైన ఆట అని ఎలా అనను?

ఇప్పుడు మా అరుగు మీది లెక్క చెప్తాను, దాచకుండా. నూరాటలు అయ్యేసరికి మా అత్తగారి దగ్గర 81 పిక్కలు మిగిలాయి. చార్టు చూసి ఆడిన మా అబ్బాయి దగ్గర 104 ఉన్నాయి. అవును, వాడు నాలుగు గెలిచాడు. మరిది ఒకటి పెట్టి, ఓడితే రెండు, మళ్ళీ ఓడితే నాలుగు, ఇలా రెట్టిస్తూ పోయాడు. చాలాసేపు అందరికంటే అతనే ముందున్నాడు. 131 దాకా వెళ్ళాడు. ఆ తర్వాత వరసగా ఏడుసార్లు ఓడాడు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. కలిపితే 127. మిగిలింది నాలుగు పిక్కలు.

127 అన్న అంకె చూడగానే మరిది తల వంచుకున్నాడు. వెయ్యితో మొదలుపెట్టి ఓడ మీద అతను చేసింది సరిగ్గా ఇదే. అక్కడ పోయింది అర్ధరూపాయి లెక్కన కాదు. మన మూటకి అడుగు ఉంటుంది, వాళ్ళ పెట్టెకి కనిపించదు. ఎనిమిదోసారి పెట్టడానికి మన దగ్గర ఉండదు. ఆ ఎనిమిదోసారి కోసమే గాజులు అడుగుతాం.

కానీ ఆ రాత్రి నన్ను భయపెట్టింది మరిది కాదు. నాలుగు పిక్కలు గెలిచిన నా కొడుకు. పొద్దున్న చూస్తే లెక్కల నోట్సు వెనక అట్ట మీద ఆ చార్టు మొత్తం ఎక్కించేశాడు. ఎక్కాలు అప్పజెప్పమంటే నసిగేవాడు, 16 మీద పదికి ఏం చెయ్యాలో గడగడా చెప్తున్నాడు. "అమ్మా, బాబాయ్‌కి సహనం లేదు గానీ నేనైతే గెలుస్తాను" అన్నాడు. పద్నాలుగేళ్ళకే వాడికి కూడా ఆట వచ్చేసింది.

ఈ "నైపుణ్యం" అన్న మాట మన ఇళ్ళలోకి ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అంది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానిదే, సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని మీద. అప్పట్నుంచి పేకాటరాయుళ్ళందరికీ అదే తారకమంత్రం. కానీ అదే తీర్పులో మూడుముక్కలాట ఉత్త అదృష్టమని ఉంది. ఇంకోటి కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. పందెం పెట్టి ఆడే ఆట మీద ఆ ఇంటివాడో క్లబ్బువాడో లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే, అది రమ్మీ అయినా సరే, నేరం కావచ్చన్నారు. నాకు నచ్చిన తూకం అది. ముక్కలు ఎవరు ఎంత బాగా పట్టుకున్నారని కాదు, కూర్చోబెట్టినవాడికి ఏం మిగిలిందని చూడాలి. మా శివరాత్రి రమ్మీలో ఎవరి పిక్కలు పోయినా తెల్లారేక అన్నీ ఒకే డబ్బాలోకి వెళ్తాయి.

2020లో మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఫోనుల్లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని ఆపింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. మంచిదే. కానీ ఓడలు అలాగే ఉన్నాయి. గోవా ప్రభుత్వం 2020 ఫిబ్రవరి నుంచి తన రాష్ట్రం వాళ్ళని ఆ ఆట గదుల్లోకి వెళ్ళొద్దంది. ఆ ఒక్క ముక్క చాలదా? వండినవాళ్ళు తమ పిల్లలకి పెట్టకుండా, విమానమెక్కి వచ్చిన మన పిల్లలకి వడ్డిస్తున్నారు.

దీనికి మరిది దగ్గర చివరి బాణం ఒకటుంది. చాలామంది మగవాళ్ళ దగ్గర ఉండేదే. "బతుకంతా జూదమే కదా వదినా. తిత్లీ వచ్చినప్పుడు మన కొబ్బరితోట ఏమైంది? నాన్న ఏ తప్పు ఆడాడని? వేటకెళ్ళే ప్రతివాడూ జూదమాడుతున్నట్టే కదా?"

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున మేమంతా స్కూలు భవనంలో ఉన్నాం. తిరిగొచ్చేసరికి మామగారు వేసిన చెట్లు నేలమీద పడుకుని ఉన్నాయి. ఆయన వాటి మధ్య కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తుఫానుని ఓడ మీది ఆటతో పోల్చినందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. గాలి ఎవరి వైపూ కూర్చుని ముక్కలు పంచలేదు. మా చెట్లు పడిపోతే ఎవరి పెట్టే నిండలేదు. మా వేటగాళ్ళు గుజరాత్ దాకా వలసపోయి పడవలెక్కుతారు. 2018లో అలా వెళ్ళిన మన జిల్లావాళ్ళు పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. అది కూలి కోసం పడ్డ కష్టం. ఆపద ఉన్న ప్రతి పనీ జూదం కాదు. వలలో చేప పడకపోయినా, వేసినవాడు ఓడిపోవాలని ఆ వలని ఎవరూ అల్లలేదు.

ఇందులో మన తప్పు కూడా ఉంది, మన అంటే ఆడవాళ్ళది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ తోటల నీడన ముక్కలు పడుతూనే ఉంటాయి. ప్రభుత్వం ఆ రోజులకి ఇంటికి 20,000 ఇస్తోంది. అందులో ఎంత వంటింటికి చేరిందో అడగడానికి మనకి మొహమాటం. "మగాళ్ళన్నాక ఆడుకుంటారులే" అంటాం. పండగకి గుండాట బల్ల దగ్గర నిలబడి పిల్లలకి పది రూపాయలిచ్చేదీ మనమే. గోవా వెళ్తున్నానని మరిది చెప్పినప్పుడు "జీడిపప్పు పట్టుకెళ్ళు, దార్లో తినొచ్చు" అన్నదాన్ని నేనే. ఏం చూసొచ్చావని వచ్చాక అడగలేదు. అడిగుంటే మూడు నెలల వడ్డీ తగ్గేది.

గాజులు ఇవ్వలేదు. అప్పు తీర్చడానికి కూడా చాటుగా ఇవ్వలేదు, ఎందుకంటే చాటుగా తీరిన అప్పు మళ్ళీ పుడుతుంది. ఆ రాత్రి మావారితో అతని చేతే చెప్పించాను. అన్నదమ్ములిద్దరి మధ్యా మాటలు పెరిగాయి. అత్తగారు ఏడ్చారు. కార్డు ముక్కలు చేసి పొయ్యిలో వేశారు. బ్యాంకులో తక్కువ వడ్డీకి అప్పు మార్చుకుని జీతంలోంచి నెలనెలా కట్టాలని తేల్చారు. రెండేళ్ళు పడుతుంది. తిత్లీ తర్వాత మళ్ళీ వేసిన చెట్లు ఇప్పుడిప్పుడే కాపుకొచ్చాయి. ఆ కాయల డబ్బులో అతని వాటా కూడా అందులోకే. వెళ్ళేటప్పుడు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఫరవాలేదు, శివరాత్రికి వస్తాడు.

మా అబ్బాయి నోట్సు చింపలేదు. చింపితే ఇంకో అట్ట మీద రాసుకుంటాడు. వాణ్ణి డీలర్‌గా కూర్చోబెట్టాను. నువ్వు ఏమీ ఆలోచించకూడదు, 16కి తియ్యి, 17కి ఆగు, ప్రతి ఆటా రాయి అన్నాను. నేనూ అత్తగారూ ఆడాం. మూడు సాయంత్రాలు అయ్యేసరికి వాడికి విసుగొచ్చేసింది. "ఇందులో నేను చేసేదేముందమ్మా? ఊరికే కూర్చుంటే పిక్కలు వస్తున్నాయి" అన్నాడు.

"ఎందుకొస్తున్నాయిరా?"

కాసేపు రాసుకున్నదంతా చూసుకున్నాడు. "మీరు ముందు ఆడుతున్నారు కదా" అన్నాడు.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు చార్టు పట్టుకుని వస్తారు. ముక్కలాట కాకపోతే ఇంకో పేరుతో. తిట్టకండి, ఏడవకండి. నేర్పమని అడగండి. చాప వేసి కూర్చోండి, పిక్కలతో ఆడండి. మా అత్తగారు అడిగిన ప్రశ్న ఒక్కటి అడగండి. జవాబు వచ్చేదాకా గాజులు చేతికే ఉంచుకోండి.